ఒరుగురాయి

నడిమిపాలెంలో ఆ ఫ్యాక్టరీ గేటు మీద బారెడు ఇంగ్లీషు పేరుంది. కార్లకి సీటుబెల్టులు నేసే కంపెనీ అని దాని అర్థం. ఊళ్ళో మాత్రం ఎవరి నోటా ఆ పేరు రాదు. "నవారు ఫ్యాక్టరీకి పోతన్నా" అంటారు. యాభై ఏళ్ళ కిందట అక్కడ నేసింది మంచాల నవారే మరి.

అప్పట్లో బాలకోటయ్యకి ఉన్నవి రెండే మగ్గాలు. ఒకనాడు ఒక లారీల ఆసామి చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చి కూలబడ్డాడు. ఘాటురోడ్డు మలుపులో అతని డ్రైవరు తలుపులోంచి ఎగిరి లోయలో పడ్డాడట. "కోటయ్యా, మంచమ్మీద పడుకున్నోణ్ణి ఇరవై ఏళ్ళు మోస్తదే నీ నవారు! బండిలో కూచున్నోణ్ణి ఒక్క క్షణం ఆపలేదా?" అన్నాడు.

కోటయ్య మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగోరోజు పేకని బిగించి, అంచు మడిచి, రెండు బారల పట్టీ నేశాడు. దాన్ని వాకిట్లో ఉన్న రాతిగుంజకి కట్టి, భుజం మీంచి రొమ్ముకి అడ్డంగా వేసుకుని, ఒంటి బరువంతా వదిలి ముందుకు ఒరిగాడు. పట్టీ ఆగింది. "లారీలకి పంపించండి" అన్నాడు.

ఆ తర్వాత కరెంటు మగ్గాలొచ్చాయి, కార్ల గాలిసంచుల గుడ్డ నేసే షెడ్డు వచ్చింది, పట్టీని సాగదీసి చూసే మిషన్లొచ్చాయి. గుంజ మాత్రం అక్కడే ఉంది. దానికి ఒరుగురాయి అని పేరు పడింది. రోజూ పొద్దున మొదటి లారీ గేటు దాటే ముందు, ఆ రోజు సరుకులోంచి ఒక ముక్క కత్తిరించి రాయికి బిగిస్తారు. ఇంటి మనిషి ఎవరో ఒకరు ఒరిగి చూడాలి. అప్పుడే లారీ కదులుతుంది.

కోటయ్య పోయాక ఆ పని పెద్దకొడుకు పానకాలుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు వానైనా జ్వరమైనా మానలేదు. పట్టీ రొమ్ముకి తగలగానే అంచు ఎక్కడ వదులుందో చెప్పేవాడు. "మా అయ్యగారి ఛాతీ ముందు మిషన్లు పనికిరావు" అని మగ్గాల మేస్త్రీ ఏసుపాదం వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట వినబడ్డ ప్రతిసారీ పానకాలు విననట్టు నటించేవాడు.

తమ్ముడు సాంబమూర్తి అన్న కంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. మద్రాసులో పెద్ద చదువు చదివి, ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ప్రయోగశాల పెట్టాడు. అక్కడ ఐదేళ్ళు కూచుని ఒక నూలు తీశాడు. కొంచెం కరెంటు తగిలితే కండలాగా ముడుచుకుంటుంది. మీద ఆనుకున్న ఒళ్ళు బిగిసి ఉందో వదులుగా ఉందో దానికి తెలుస్తుంది. ఎరుకనూలు అని పేరు పెట్టుకున్నాడు.

"మామూలు బెల్టు మనిషిని బతికిస్తుంది అన్నయ్యా, కానీ పక్కటెముకలు విరిచి బతికిస్తుంది" అన్నాడు ఒకరోజు. "అదే మనిషి చెయ్యి చూడు. బస్సు బ్రేకు వేస్తే పక్కనున్న పిల్లకి తల్లి చెయ్యి అడ్డం పోతుందా? ఆమె అనుకోకముందే పోతుంది. ఎంత బిగువు కావాలో అంతే పడుతుంది. ఆ చెయ్యి కావాలి నాకు. నూలుకి అది నేర్పించాలి."

"నూలుకి బడి పెడతావట్రా!" అని నవ్వాడు పానకాలు.

నిజంగానే పెట్టాడు. షెడ్డులో ఇరవై గజాల పట్టాలు వేసి, వాటి మీద రెండు సీట్ల బండి పెట్టాడు. బండి మెల్లగా పోయి ఠక్కున ఆగుతుంది. కుడిపక్క కూచున్నవాళ్ళ భుజానికి ఒక పట్టా చుడతారు. నరంలో పుట్టిన కదలిక ఆ పట్టా గుండా నూలుకి పోతుంది. బండి ఆగాక చెయ్యి పక్కవాణ్ణి పట్టుకోవడానికి సెకనులో ఎన్ని వెయ్యోవంతులు పట్టిందో తెరమీద పడుతుంది. ఈ వ్యవహారమంతా చూసేది మెహరున్నీసా అనే ఇంజనీరు. ఒంగోలు పిల్ల, మాట తక్కువ.

పదిరోజుల్లో ఒక సంగతి తేలింది. పక్కన ముక్కూమొహం తెలియనివాడుంటే అంకె మూడువందల పైమాటే. స్నేహితుడైతే రెండువందల యాభై. చెయ్యి ఎంత తొందరగా పోతుందన్నది పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంది.

"అయితే వదినని కూచోబెడదాం" అన్నాడు సాంబమూర్తి.

వదిన అంటే పానకాలు భార్య బసవేశ్వరి. బెల్టులకి కొక్కేలు కుట్టే సెక్షనంతా ఆమె చేతికింద నడుస్తుంది. దారపు పోగులు అంటిన చీరతోనే వచ్చి బండెక్కింది. "ఏమిట్రా సాంబా, ముసలితనంలో రంగులరాట్నం ఎక్కిస్తన్నావా?" అంది.

మొదట పానకాలు పక్కన కూచున్నాడు. బండి ఆగింది. ఆమె చెయ్యి అతని రొమ్ముకి అడ్డం వచ్చింది. రెండువందల పది.

షెడ్డంతా చప్పట్లు. "ఇప్పటిదాకా ఇంత తక్కువ రాలేదు సార్" అంది మెహర్. పానకాలు మీసం నిమురుకుంటూ దిగాడు.

"నేనూ ఒకసారి" అని సాంబమూర్తి వేళాకోళానికి ఎక్కి కూచున్నాడు. బండి ఆగింది.

నూటముప్ఫై.

ఈసారి చప్పట్లు రాలేదు. అందరూ తెర వంక చూసి, పానకాలు వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు. ఆ జాగ్రత్తే అతన్ని కాల్చింది. "మిషను తప్పేమో, మళ్ళీ చూడమ్మా" అన్నాడు మామూలుగా. మళ్ళీ చూశారు. అతనికి రెండువందల ఎనిమిది, తమ్ముడికి నూటముప్ఫై ఒకటి.

"నా నూలుకి గురువు దొరికింది!" అని సాంబమూర్తి గంతేశాడు. బసవేశ్వరి భుజం పట్టా విప్పుకుంటూ, "అవతల కుట్టు ఆగిపోయింది, నేను పోతన్నా" అని వెళ్ళిపోయింది. ఆమె తెర వైపు చూడనే లేదు.

పానకాలుకి తప్పుడు అనుమానమేమీ లేదు. అలాంటిదైతే ఇంకా తేలిగ్గా ఉండేది, కోప్పడి తుడిచేసుకునేవాడు. ఆమె కాపరానికి వచ్చేనాటికి సాంబడికి ఆరేళ్ళు. తల్లి పోయిన పిల్లవాడు. ఆమె వాడికి తలంటింది, అన్నం కలిపి పెట్టింది, పరీక్షలకి వెంటబెట్టుకుని తీసుకుపోయింది. ఇవన్నీ పానకాలుకి తెలుసు. తెలిసినా ముద్ద దిగలేదు. ముప్ఫైనాలుగేళ్ళు పక్కన నడిచినవాడికి రెండువందల పది, వాడికి నూటముప్ఫై. నడుమనున్న ఆ ఎనభై, కంట్లో పడ్డ నలుసులా కూచుంది.

అప్పట్నుంచి అతనికి అన్నీ కనబడటం మొదలెట్టాయి. ఆదివారం అందరూ ఒకచోట కూచుని తింటే, పప్పుచారులో మునక్కాయ ముక్కలు సాంబడి కంచంలో నాలుగు, తన కంచంలో రెండు. వాడు పొలమారితే ఆమె అరచెయ్యి వాడి నెత్తిమీద ఉంటుంది. తను తుమ్మితే "శతాయుష్షు" అని వంటింట్లోంచి కేక వేస్తుంది. పెళ్ళయి ఊరికి వచ్చిన జీపు కూడా గుర్తొచ్చింది. గుంటలో చక్రం పడ్డప్పుడు కొత్తపెళ్ళికూతురు ఒక చేత్తో నిద్రపోతున్న సాంబణ్ణి హత్తుకుంది. పెళ్ళికొడుకు తన పాటికి తను ఇనప కమ్మీ పట్టుకుని కూచున్నాడు.

'ఆ రోజు నుంచే' అనుకున్నాడు. పళ్ళు నూరుకున్నాడు.

సాంబమూర్తి బెల్టుల అనుమతి పని మీద పూనా వెళ్ళినప్పుడు మెహర్ ఒక కాగితం పట్టుకుని పానకాలు గదికి వచ్చింది.

"సార్, ఏసుపాదం గారు మొదట్లో నాలుగు రోజులు చెయ్యి ఇచ్చారు కదా. నిన్న మగ్గం మీంచి కండె జారింది. చూస్తూనే ఉన్నారు, పట్టుకోలేదు. పాదం మీద పడింది. అంతకుముందు చెయ్యిచ్చిన ముగ్గురికీ కొంచెం కొంచెం ఇదే వరస. మనం నకలు తీసుకుంటున్నాం అనుకున్నాం సార్. నకలు కాదు, తోడుకుంటున్నాం. నూలుకి పట్టినకొద్దీ ఇటు తగ్గుతోంది. తగ్గింది మళ్ళీ ఊరటం లేదు."

పానకాలు కాగితం తిప్పి చూశాడు. "ఎవరి పక్కన కూచున్నప్పుడు తోడితే, ఆ మనిషి మీది పట్టే పోతుందా?"

"చెప్పలేం సార్. ఆ ఒక్కటే పోవచ్చు. మొత్తం పోవచ్చు. మేడమ్‌కి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. సంతకం కావాలి."

ఆమె చెప్పినదాంట్లో మొదటి ముక్కే పానకాలు చెవిలో నిలిచింది. ఆ ఒక్కటే పోవచ్చు. నూటముప్ఫై పోతే ఇంట్లో మిగిలేది రెండువందల పదే.

"నేను చెబుతాలేమ్మా. సాంబడికి నువ్వు చెప్పకు, అక్కడ పని చెడగొట్టుకుంటాడు" అన్నాడు.

మర్నాడు బసవేశ్వరి కుట్టు లెక్క చూస్తుంటే, నాలుగు బీమా కాగితాల మధ్య దాన్ని పెట్టి ఇచ్చాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇదుగో ఇక్కడ."

"ఏంటండీ ఇవి?"

"బీమా."

ఆమె అతను వేలు పెట్టినచోటల్లా సంతకం చేసింది. ముప్ఫైనాలుగేళ్ళుగా అలాగే చేస్తోంది.

సాంబమూర్తి తిరిగొచ్చాక తొమ్మిది రోజులు తోడారు. రోజుకి నలభైసార్లు బండి ఆగింది. నలభైసార్లూ ఆమె చెయ్యి సాంబమూర్తి రొమ్ము మీదికి వెళ్ళింది. పానకాలు గోడవారన నిలబడి తెర చూసేవాడు. నూటముప్ఫై, నూటయాభై, నూటతొంభై. రెండువందల పది దాటిన రోజు అతనికి కడుపులో చల్లగా అనిపించింది. ఇంటికి పోయి రెండుసార్లు మజ్జిగ పోయించుకున్నాడు. తొమ్మిదోరోజు అంకె పడలేదు. చెయ్యి ఒళ్ళోనే ఉంది. అలసట అనుకున్నాడు సాంబమూర్తి. అప్పటికే నూలు నిండింది.

నేసిన మొదటి బెల్టు సాంబమూర్తే కట్టుకున్నాడు. బండి ఆగింది. అతను కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. "అచ్చం వదిన చెయ్యే అన్నయ్యా! ఐదువేళ్ళూ తెలుస్తున్నాయి. నువ్వు కూచో."

"నాకెందుకురా" అని పానకాలు పక్కకి తిరిగాడు.

ఆ నూలు పట్టుని కొత్త నూలుకి ఎక్కించుకుంటూ నేసిన బెల్టులు పోవడం మొదలయ్యాయి. కార్లకి, బస్సులకి, లారీలకి. గుద్దుకున్న కార్లలోంచి ఎముక విరక్కుండా దిగిన ముసలివాళ్ళ ఫోటోలు ఆఫీసుకి వచ్చేవి. సాంబమూర్తి వాటిని గోడకి అంటించేవాడు.

ఇంట్లో మాత్రం గాజుగ్లాసులు తగ్గిపోతున్నాయి. పాలు పొంగుతుంటే బసవేశ్వరి చూస్తూ నిలబడేది. "ఏమిటో, చేతికి బద్ధకం వచ్చింది" అని నవ్వేసేది. పానకాలు కంచంలో మునక్కాయలు రెండే ఉన్నాయి.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కనే సాంబమూర్తి కూతురు, నాలుగేళ్ళ చిన్ని, స్టూలెక్కి ఆడుతోంది. స్టూలు వాలింది. పిల్ల ఆమె మోచేతికి జానెడు దూరంలోంచి పడింది. గడపకి గడ్డం కొట్టుకుని రక్తం కారింది. బసవేశ్వరి పిల్ల వంకే చూస్తోంది. చేతులు చిక్కుడుకాయల్లో ఉన్నాయి.

తర్వాత ఎత్తుకుంది, గుడ్డ అదిమింది, తనే ఏడ్చింది. "పడుతుందని తెలిసిందండీ. చూశాను. చెయ్యి వస్తుందిలే అన్నట్టు కూచున్నా. రాలేదు" అని భర్త మొహంలోకి చూసింది. "నాకేమైంది?"

పానకాలు పిల్లని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. సాంబమూర్తి నేరుగా మెహర్‌ని అడిగాడు. గంటలో కాగితం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"వదినా, ఇది నీకు చదివి వినిపించారా? తోడితే పోతుందని నీకు తెలుసా? తెలిసి ఇచ్చావా?"

బసవేశ్వరి కాగితం అందుకుని చదివింది. కిందనున్న సంతకం చూసింది. తలెత్తి భర్త వంక చూసింది. పానకాలు చూపు ఆమె కాళ్ళ మీదికి దిగిపోయింది.

"చెప్పారు" అంది. "నేనే సరేనన్నా. నీ నూలు ఆగిపోతుందని నీకు చెప్పొద్దన్నా."

"ఎందుకు వదినా? ఎందుకట్లా చేశావు?"

"గొంతు తగ్గించు, పిల్ల ఇప్పుడే పడుకుంది. పో, దాని దగ్గర కూచో."

అతను వెళ్ళాక ఆమె కాగితం మడతపెట్టి భర్త చేతికిచ్చింది. "ఇప్పుడు చెప్పండి."

అతను చెప్పాడు. చెప్పటానికి పెద్ద కథేమీ లేకపోయింది. రెండువందల పది, నూటముప్ఫై. నోట్లోంచి బయటికి వచ్చేసరికి ఆ అంకెలు అతనికే చిల్లరగా వినిపించాయి.

"సాంబడి మీద... నువ్వు వాడి మీద ఏడ్చావా?" అంది. ముప్ఫైనాలుగేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మెహర్ మళ్ళీ వచ్చింది. పూనావాళ్ళు పాత పరీక్షల వివరాలన్నీ అడిగారట. పక్క సీట్లో మనిషి ఛాతీ కదలికలు కూడా రికార్డయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని ఎవరూ తెరిచి చూడలేదు.

"ఇది సాంబమూర్తి సార్‌ది" అని ఒక గీత చూపించింది. బండి ఆగగానే గీత చివుక్కున లేచింది. "ఇది మీది." ఆ గీత పలకమీద గీసినట్టు తిన్నగా ఉంది. "మీరు ముందుకు పడనే లేదు సార్. బండి ఆగీ ఆగకముందే మీ ఒళ్ళు బిగుసుకుంది. పక్కమనిషి పడుతున్నాడని తెలిస్తేనే చెయ్యి బయల్దేరుతుంది. మీరు పడలేదు కాబట్టి మేడమ్ చేతికి కబురు అందలేదు. అయినా రెండువందల పదికి వచ్చిందంటే, అది ఎట్లా వచ్చిందో నాకు అర్థం కావటం లేదు సార్. కబురు లేకుండానే బయల్దేరింది."

ముప్ఫై ఏళ్ళు ప్రతి పొద్దునా రాయికి కట్టుకుని ఒరిగిన ఒళ్ళది. ఎప్పుడు బిగుసుకోవాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ గీతల కాగితం పట్టుకుని కుట్టు సెక్షనుకి పోయాడు. బసవేశ్వరి దాన్ని ముట్టుకోలేదు.

"నాకు కాగితం ఎందుకండీ? బస్సులో బ్రేకు పడితే ఊరంతా ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డా మీరు కదిలేవాళ్ళా? గుంట రాకముందే కమ్మీ పట్టుకునేవాళ్ళు. మీరు పడితేగా పట్టుకునేది." దారం కొరికి, మళ్ళీ సూదిలోకి ఎక్కించుకుంది. "నన్ను అడిగినా ఈ మాటే చెప్పేదాన్ని."

తర్వాత పానకాలు కారులో ఎరుకనూలు బెల్టు కట్టుకుని, ఖాళీ రోడ్డు మీద తనే బ్రేకు తొక్కి చూశాడు. ఉత్త పట్టీలాగే ఆపింది. వేళ్ళూ లేవు, అరచెయ్యీ లేదు. మళ్ళీ తొక్కాడు. ఒళ్ళు వదులుగా పెట్టాలనుకున్నాడు. అనుకునేలోపే అది బిగిసింది. పడేవాళ్ళని పట్టుకోవడం నేర్చిన నూలుకి పడనివాడితో పనేముంది? పక్కనుంచి ఒక లారీ దూసుకుపోయింది. లోపల డ్రైవరు బెల్టు పెట్టుకుని కిళ్ళీ నములుతున్నాడు. వాడెవడో, ఏ ఊరివాడో. రేపెక్కడో బ్రేకు పడితే వాడి రొమ్ము మీద బసవేశ్వరి చెయ్యి ఉంటుంది. తమ్ముడొక్కడి మీద ఏడ్చినవాడు, ఆ రోజు రోడ్డు మీద పోయే ప్రతి బండినీ చూసి ఏడ్చాడు.

పొద్దున ఒరుగురాయి దగ్గర కూడా అదే తంటా. నమూనా బెల్టుకి చిన్న బ్యాటరీ పెట్టె తగిలించి కడుతున్నారు. పానకాలు కళ్ళు మూసుకుని ఒరుగుతాడు, ఒళ్ళు ఆగిపోతుంది. మోకాళ్ళు వదిలేసి చూశాడు, పక్కకి ఒరిగి చూశాడు. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆన్ చేసి, ఆపి, దిగి బీడీలు కాల్చుకునేవాళ్ళు. "అయ్యగారికి రాతిమీద మనసు పోయింది, దిగి రావటం లేదు" అని ఏసుపాదం గొణిగాడు.

అలా పదిహేను రోజులు. ఇంట్లో బసవేశ్వరి అన్నం పెడుతోంది, అవసరమైన మాట మాట్లాడుతోంది. అంతే. ఇప్పుడు నడుస్తూ ఏ వస్తువుకైనా దూరంగా జరుగుతోంది. చిన్నిని ఎత్తుకోవటం మానేసింది. "దగ్గరికొస్తే కూచుని ఒళ్ళో పెట్టుకుంటాలే, నిలబడి వద్దు" అంటోంది.

పదహారో రోజు పొద్దున పానకాలు రాయికి రెండడుగుల ముందు నిలబడి బెల్టు బిగించుకుంటున్నాడు. సరుకు లారీ సిద్ధంగా ఉంది. కుట్టు సెక్షను ఆడవాళ్ళు గేటు దగ్గర దిగుతున్నారు. బసవేశ్వరి వాళ్ళలోంచి విడిపోయి ఇటు వచ్చింది. రాయి పక్కనుంచి అతని వెనక్కి వచ్చి నిలబడింది.

"ఆ చెప్పులేంటి, ఒకటి అటూ ఒకటి ఇటూ?" అంది.

"ఏదీ?" అని అతను తల వంచి పాదాల వంక చూశాడు.

ఆమె రెండుచేతులూ అతని వీపు మీద పెట్టి తోసింది. మెల్లగా ఏం కాదు. చిన్ని గడ్డం మీది నాలుగు కుట్లూ, పగిలిన గ్లాసులూ, ముప్ఫైనాలుగేళ్ళ సంతకాలూ అన్నీ ఆ తోపులో ఉన్నాయి. "అమ్మా" అన్నాడు పానకాలు. కాళ్ళు నేలని వదిలాయి. కమ్మీ లేదు, బిగుసుకోవటానికి వ్యవధి లేదు. ఇన్నేళ్ళకి పడ్డాడు.

పట్టుకుంది.

రొమ్ముకి ఎడమపక్క ముందు అరచెయ్యి ఆనింది, వెంట ఐదువేళ్ళూ పరుచుకున్నాయి. చిటికెనవేలు కొంచెం వంకర. పెళ్ళికి ముందు మగ్గంలో నలిగిన వేలు అది. భయం ఇంకా పుట్టకముందే ఆ చెయ్యి వచ్చేసింది. వచ్చి, ఎముక నొప్పిపుట్టకుండా, ఊపిరి ఆడేంత చోటు వదిలి, పడిపోకుండా ఉంచింది. ఇదా నూటముప్ఫై అంటే. ఇదా సాంబడు ఆరేళ్ళప్పటి నుంచి తిన్నది.

అతను బెల్టుకి వేలాడుతూ అలాగే ఉండిపోయాడు. మీసం తడిసింది. లారీ డ్రైవరు బీడీ పారేసి మర్యాదగా అటు తిరిగాడు.

బసవేశ్వరి చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. తన రెండుచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, కొక్కెం సరిగా కుట్టారో లేదో చూసినట్టు.

"పట్టుకుందా?"

"పట్టుకుంది బసవా."

"నాకేం తెలియలేదు" అంది.

అతను లేచి నిలబడదామనుకుని తడబడ్డాడు, మోకాలు మడతపడింది. ఆమె చెయ్యి రాలేదు. అది చూసి, ఆలోచించి, ఒక అడుగు ముందుకేసి, కుడిచేత్తో ఎడమచెయ్యి లేవనెత్తినట్టుగా లేవనెత్తి, అతని మోచెయ్యి పట్టుకుంది. చాలా ఆలస్యమైంది. పానకాలు ఆ ఆలస్యమంతా కదలకుండా నిలబడ్డాడు.

"బెల్టు బాగుంది, లారీ పంపించండి" అంది బసవేశ్వరి గేటు వైపు తిరిగి. "రేపట్నుంచి ఒరుగు నేను చూస్తా."